ఈ పిల్లకి ఈ నవల: బడి లైబ్రరీలో కొత్త పుస్తకాలకు సంబంధాలు కుదర్చడం ఎలా

మా బడిలో లైబ్రరీ అంటే హెడ్మాస్టర్ గారి గదిలో రెండు ఇనప బీరువాలు. లైబ్రరీ బాధ్యత నాకు అప్పగించిన కొత్తలో వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడానికే వారం పట్టింది. తెరిచి చూస్తే పుస్తకాలు బాగానే ఉన్నాయి. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆ ఏడాది ఉత్సాహం కొద్దీ నలభై కొత్త నవలలు తెప్పించి, పేర్లన్నీ చార్టు మీద రంగు పెన్నులతో రాసి, పైన 'తప్పక చదవండి' అని పెట్టి గోడకు అంటించాను. మూడు నెలల తర్వాత ఇష్యూ రిజిస్టర్ చూసుకుంటే వాటిలో ఆరు మాత్రమే బయటికి వెళ్లాయి. అందులోనూ రెండు నా మీద మొహమాటంతో తీసుకున్నవే.

అప్పటి నుంచి చార్టులు మానేశాను. పుస్తకం సిఫారసు చేయడం సంబంధం కుదర్చడం లాంటి పని. పెళ్లిళ్ల పేరయ్యకి రెండు ఇళ్లూ తెలిసుండాలి కదా, ఇక్కడా అంతే. పుస్తకం సంగతీ తెలియాలి, పిల్ల సంగతీ తెలియాలి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండు ఇవే: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. మిగతా మూడూ మంచివే కానీ, బడి బీరువా ముందు నిలబడ్డప్పుడు పనికొచ్చేవి ఈ రెండూ.

ఇక్కడ రాసేది ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లల గురించి. టెన్త్ పిల్లలకి చదవాలని ఉన్నా మనం చదవనివ్వం, అది వేరే గొడవ.

మొదటి పని: ముందు మీరు చదవండి

దీనికి అడ్డదారి లేదు. వెనక అట్ట చదివి పుస్తకం ఇస్తే పిల్లలు రెండో ప్రశ్నకే పట్టేస్తారు. "ఆ అబ్బాయి దొరుకుతాడా టీచర్?" అంటే మీ దగ్గర జవాబుండదు. ఆ తర్వాత మీరు ఏది ఇచ్చినా నమ్మరు.

భయపడేంత పని కూడా కాదు. తెలుగులో పిల్లల నవలలు ఎక్కువగా 60 నుంచి 120 పేజీల లోపే ఉంటాయి, పెద్దవాళ్లకి ఒక సాయంత్రం చాలు. నెలకి రెండు చదివితే ఏడాది తిరిగేసరికి ఇరవై దాటతాయి. ఇరవై నవలలు బాగా తెలిసిన టీచరు, రెండొందల పేర్లు తెలిసిన టీచరు కంటే ఎక్కువ పుస్తకాలు చదివించగలదు.

చదివాక ఒక నోటు పుస్తకంలో అరపేజీ రాసుకోండి. కథ సారాంశం వద్దు, అది గుర్తుంటుంది. ఎవరికి ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో మాత్రమే రాయండి. నా నోటులో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"96 పేజీలు. అక్షరం పెద్దది. మొదటి పది పేజీలు నెమ్మది, కుక్క తప్పిపోయాక పరుగే. చిత్తూరు వైపు మాట. తాత చనిపోతాడు. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయిన పిల్లకి ముందే చెప్పి ఇవ్వాలి. జంతువులంటే ఇష్టమున్నవాళ్లకి. 34వ పేజీ దగ్గర ఆపాలి."

ఆ చివరి మాట ముఖ్యం. చదివి వినిపించేటప్పుడు ఎక్కడ ఆపితే పిల్లలు "అయ్యో!" అంటారో ఆ పేజీ నంబరు అది. దాని సంగతి కింద చెప్తాను.

రెండో పని: కొత్త నవలలు వెతికి పట్టుకోవడం

తెలుగులో పిల్లల పుస్తకం అనగానే నీతి కథలు, గేయాలు కుప్పలుగా దొరుకుతాయి. నవలలు తక్కువ. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు చూసినా అదే తెలుస్తుంది. 2010లో తెలుగుకి మొదటిసారి వచ్చింది నవలకే, కలువకొలను సదానంద 'అడవి తల్లి'కి. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయా లోకం' నవలకి వచ్చింది. మధ్యలో ఎక్కువగా కథలూ కవితలే. అందుకే అవార్డుల జాబితా పెట్టుకుని కొంటే బీరువా నిండుతుంది కానీ, పెద్ద కథలో రెండు మూడు రోజులు మునిగిపోయే అవకాశం పిల్లలకి దొరకదు.

నేను వెతికే చోట్లు కొన్నే. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల కేటలాగ్ మొదట చూస్తాను, అనువాదాలు, కొత్త నవలలు రెండూ ఉంటాయి. అమెరికాలోని మనవాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు పిల్లల నవలలకి పోటీ పెట్టి, ఎంపికైన వాటిని పుస్తకాలుగా తెచ్చారు. ఈ కాలం పిల్లల కోసం రాసినవి కాబట్టి వాటిని వదలకండి. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవక. మిగతావన్నీ ఒకేచోట కావాలంటే డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. టాటా ట్రస్ట్స్‌కి చెందిన పరాగ్ వాళ్లు ఏటా మంచి పిల్లల పుస్తకాలను ఏరి ఒక జాబితా ఇస్తారు కానీ, అది ఇంగ్లిష్, హిందీ పుస్తకాలకి. ఇంగ్లిష్ బాగా చదివే పిల్లలుంటే అది చూడండి.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి స్థాయిని బట్టి లైబ్రరీ గ్రాంటు 5,000 నుంచి 20,000 రూపాయల వరకు ఉంటుంది. అది చేతికొచ్చినప్పుడు కంగారుగా కొనకండి. ఒకే నవల పది కాపీలు కొనే బదులు అయిదు నవలలు రెండేసి కాపీలు కొనడం మేలు. రెండో కాపీ ఎందుకంటే, స్నేహితులిద్దరూ ఒకేసారి చదివితే దాని గురించి మాట్లాడుకుంటారు. ఒంటరిగా చదివే పిల్లలు తక్కువ, మాట్లాడుకోవడానికి చదివేవాళ్లే ఎక్కువ.

స్టాలు దగ్గర నిలబడి పది నిమిషాల్లో పుస్తకం తేల్చుకోవడానికి నేను చూసేవి చెప్తాను. మొదటి పేజీలో ఏదైనా జరుగుతోందా, లేక సూర్యోదయాన్ని వర్ణిస్తున్నారా? మధ్యలో ఎక్కడో తెరిచి పిల్లల సంభాషణ చదువుతాను. పన్నెండేళ్ల పిల్లాడు "మిత్రమా, పర్యావరణాన్ని పరిరక్షించుట మన కర్తవ్యం" అంటే పుస్తకం కింద పెట్టేస్తాను. చిక్కు వచ్చినప్పుడు దాన్ని పిల్లలు విప్పుతున్నారా, మాస్టారో పోలీసు మామయ్యో వచ్చి విప్పుతున్నాడా అని చివరి రెండు అధ్యాయాలు తిరగేస్తాను. నల్లగా ఉన్నాడనో, లావుగా ఉందనో, ఫలానా కులమనో నవ్వించే పుస్తకం ఎంత బాగా రాసినా కొనను. ఆడపిల్లలు ఏడవడానికీ, వెనక నడవడానికీ మాత్రమే ఉంటే కూడా అంతే. చివరిగా, పుస్తకం మధ్యకి విప్పి చూస్తాను. ఆ పాటికే పేజీలు ఊడి వస్తుంటే బడిలో నెల కూడా ఆగదు.

మూడో పని: పిల్లల గుట్టు తెలుసుకోవడం

"నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడగకండి. అసలు పుస్తకమే చదవని పిల్ల దానికి ఏం చెప్తుంది? "మంచి పుస్తకాలు టీచర్" అంటుంది.

నేను అడిగేవి వేరు. నిన్న సాయంత్రం ఏం చేశావు? ఈమధ్య ఏ సినిమా రెండోసారి చూశావు, అందులో ఏ ముక్క బాగుంది? మీ ఇంట్లో కథలు బాగా చెప్పేది ఎవరు? దయ్యాలంటే భయమా, ఇష్టమా? ఈ నాలుగింటితో సగం పని అవుతుంది. మిగతా సగం మధ్యాహ్న భోజనం దగ్గర వాళ్ల కబుర్లు వింటే తెలుస్తుంది.

ఏడో తరగతిలో ఒక అబ్బాయి "నాకు పుస్తకాలంటేనే పడదు టీచర్" అని తేల్చి చెప్పాడు. సాయంత్రాలు వాళ్ల మామయ్య మెకానిక్ షెడ్డులో ఉంటాడు. కార్బురేటర్ గురించి అడిగితే పావుగంట చెప్పాడు, నాకు సగం అర్థం కాలేదు. మూడు వారాల తర్వాత, పిల్లలు పాత ఇనప సామానుతో ఏదో తయారుచేసే నవల దొరికితే ఇచ్చాను. రెండు రోజుల్లో తెచ్చేశాడు. చదవలేదేమో అనుకున్నాను. "అందులో చెప్పినట్టు చేస్తే ఆ బండి కదలదు టీచర్, చైన్ తిరగబడుతుంది" అన్నాడు. చదివాడు, తప్పు కూడా పట్టాడు! ఇంతకంటే ఏం కావాలి?

చదవగలిగే స్థాయి మరో సంగతి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు, వాళ్లకి తెలుగు ఒక పీరియడే. తెలుగు గలగలా మాట్లాడే పిల్ల కూడా వత్తుల దగ్గర ఆగి ఆగి చదువుతుంది. అది తెలివి తక్కువై కాదు, అలవాటు తప్పి.

వేళ్ల లెక్క చాలామంది వినే ఉంటారు. పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం అని. ఇంగ్లిష్ పుస్తకాలకి ఇది పనిచేస్తుంది. తెలుగులో కొంచెం మార్చుకోవాలి. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 'వెళ్లిపోవాలనుకుంటున్నాడట' అనేది చూడ్డానికి పెద్ద మాట, కానీ దాని అర్థం తెలియని పిల్ల ఉండదు. అలాంటి వాటికి వేలు ముడవనివ్వకండి. యాస మాటలకీ అంతే. కృష్ణా జిల్లా పిల్లకి అనంతపురం మాట, నల్గొండ పిల్లకి విజయనగరం మాట మొదటి పది పేజీలు కొత్తగా ఉంటాయి, తర్వాత చెవికి పట్టేస్తాయి. మొదటి రెండు పేజీలు మీరు గొంతెత్తి చదివి పెడితే చాలు. మరోటి గమనించాను. తమ ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో మొదటిసారి చూసిన పిల్లలు పకపకా నవ్వుతారు, తర్వాత ఆ పుస్తకం వదలరు.

చదవడం బాగా వెనకబడిన పెద్ద పిల్లలకి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం అందరి ముందూ ఇవ్వకండి. ఆ సిగ్గుతో మళ్లీ బీరువా వైపు రారు. సన్నగా ఉండి, అక్షరం పెద్దగా ఉండి, అట్ట మాత్రం పెద్దపిల్లల పుస్తకంలా ఉన్నవి ఏరి పెట్టుకోండి. నవల దాకా రావడానికి ముందు నాలుగు మెట్లు కావాలంటే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి. వాటిని ఫోన్లో చూపించినా సరే, ప్రింటు తీసి ఇచ్చినా సరే.

నాలుగో పని: ఒక్క నిమిషం మాట

ఇదే అసలు పని. పుస్తకం చేత్తో పట్టుకుని, పిల్లల ముందు ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర మాట్లాడాలి. రచయిత పుట్టిన ఊరు, వచ్చిన అవార్డులు, పుస్తకం ఇచ్చే సందేశం ఏవీ వద్దు. 'చాలా మంచి పుస్తకం' అనే మాట అసలే వద్దు. పిల్లల నిఘంటువులో దానికి 'విసుగు' అని అర్థం.

ఒక ఊరి చెరువు గురించిన నవల ఉందనుకోండి. చెడ్డగా ఇలా చెప్పొచ్చు: "ఇది నీటి వనరుల ప్రాముఖ్యతను తెలిపే చక్కటి నవల. అందరూ చదివి స్ఫూర్తి పొందాలి." ఒక్కరూ తీసుకోరు. ఇలా చెప్పి చూడండి:

"ఎండాకాలం. చెరువు మొత్తం ఎండిపోయింది. మధ్యలో బురద ఒక్కటే మిగిలింది. ఇద్దరు పిల్లలు చేపలు పడదామని దిగితే కాలికి గట్టిగా ఏదో తగిలింది. రాయనుకున్నారు. తవ్వితే తలుపు! చెరువు అడుగున తలుపేంటి? ఇంటికెళ్లి చెప్తే నాయనమ్మ ముఖం మారిపోయింది. ఆ తలుపు సంగతి ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది..."

ఇక్కడ ఆపేసి పుస్తకం బల్ల మీద పెట్టండి. "తర్వాతేమైంది?" అంటే "నాకు తెలుసు, చెప్పను" అనండి. కొంచెం చిరాకు పడతారు, పడనివ్వండి.

పెద్దవాళ్లు తమ చిన్నతనం గుర్తు చేసుకుంటే ఇది కొత్త విద్యేమీ కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు సరిగ్గా ఇలాగే పీకలమీదకి వచ్చాక ఆగిపోయేవి. తర్వాతి నెల సంచిక కోసం ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకునేవారు. ఆ కిటుకే మనం అప్పు తెచ్చుకుంటున్నాం. వారానికి ఒక రోజు, నాకు శనివారం చివరి పీరియడ్ కుదురుతుంది, ఒక నవల నుంచి పది నిమిషాలు గొంతెత్తి చదవండి. నోటు పుస్తకంలో రాసుకున్న పేజీ దగ్గర ఆపండి. ఆగలేనివాళ్లు పుస్తకం కోసం వస్తారు. అందుకే రెండు కాపీలు ఉండాలన్నది.

అయిదో పని: మూడు చూపించి, ఒకటి వాళ్లని ఎంచుకోనివ్వడం

ఒకే పుస్తకం చేతిలో పెడితే అది హోంవర్క్. మూడు పెడితే వాళ్ల ఇష్టం. రెండు ఆ పిల్ల ఇష్టానికి దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా ఉండేలా చూసుకోండి. దయ్యాల కథలు అడిగిన అమ్మాయికి రెండు భయపెట్టేవి, ఒకటి రాత్రివేళ రైల్లో జరిగే కథ. చాలాసార్లు మూడోదే తీసుకెళ్తారు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇస్తూ ఒక మాట చెప్పాలి: "ఇరవై పేజీలు చదువు. నచ్చకపోతే తెచ్చెయ్, ఎందుకని అడగను." నిజంగానే అడగకూడదు. సంబంధం నచ్చలేదంటే ఇంకోటి చూస్తాం గానీ బలవంతంగా తాళి కట్టించం కదా. వెనక్కి తెచ్చే స్వేచ్ఛ ఉందని తెలిశాకే మా పిల్లలు లావు పుస్తకాలు ముట్టుకోవడం మొదలుపెట్టారు.

పుస్తకాలు కనిపించేలా ఉంచడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బీరువాలో వీపులు కనిపించేలా నిలబెట్టినవి ఎవరూ తీయరు. వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో సన్న పుస్తకాలు వేలాడదీయండి. గది లేదని ఆగిపోకండి. 1935లో కృష్ణా కాలువ మీద కొల్లూరు దాకా పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్ల వెంట తిరిగిన చరిత్ర మనది, సంచిలో పన్నెండు పుస్తకాలు వేసుకుని వేపచెట్టు కిందికి వెళ్లడం ఏపాటి?

ఆరో పని: ఇంటికి పంపడం, పోతే పోనివ్వడం

అన్ని బడుల్లోనూ బీరువాకి తాళం పడటానికి కారణం ఒకటే, పోయిన పుస్తకానికి ఎవరు కడతారన్న భయం. నేను పనిచేసిన ఒక బడిలో పాత ఇన్‌చార్జి ఒకాయన పదకొండు పుస్తకాలకి జేబులోంచి కట్టాడు. ఆ తర్వాత పదేళ్లు ఆ బీరువా తెరవలేదు. ఆయన్ని తప్పుపట్టలేను.

నేను చేసేది ఇది. ఇష్యూ రిజిస్టర్ ఇద్దరు పిల్లలకి అప్పగిస్తాను, టీచర్ల కంటే వాళ్లే గట్టిగా వసూలు చేస్తారు. చిరిగినవి, పోయినవి ఏడాది చివర జాబితా రాసి, హెడ్మాస్టర్ గారి సంతకంతో స్టాక్ రిజిస్టర్‌లో నమోదు చేయిస్తాను. ఇది జూన్‌లోనే ఆయనతో మాట్లాడి ఒప్పించుకోవాలి, మార్చిలో కాదు.

ఏడో పని: తిరిగి తెచ్చినప్పుడు నోరు కట్టుకోవడం

"ఇందులో నీతి ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్నతో ఇంతవరకు చేసిందంతా పోతుంది. సారాంశం రాయమనడం, మార్కులు వేయడం కూడా అంతే. బ్రిటిష్ రచయిత ఎయిడన్ చేంబర్స్ పిల్లలతో పుస్తకాల గురించి మాట్లాడే పద్ధతి ఒకటి చెప్పాడు. చాలా సాదా ప్రశ్నలు: ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఏది అర్థం కాలేదు, ఏదైనా మళ్లీ మళ్లీ వచ్చినట్టు అనిపించిందా. నేను వీటికి ఒకటి కలుపుకున్నాను: "దీన్ని మీ క్లాసులో ఎవరికి ఇద్దాం?"

ఈ ఒక్క ప్రశ్న వల్ల నా పని సగం తగ్గింది. వాళ్లు పేరు చెప్తారు, కారణం కూడా చెప్తారు. చిన్న చీటీ మీద ఒక వాక్యం రాసి అట్ట లోపల అంటించమంటాను. 'మొదట బోరు, తొమ్మిదో పేజీ నుంచి ఆగలేవు' అని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన చీటీకి నా నిమిషం మాటలన్నిటి కంటే ఎక్కువ గిరాకీ.

ఇంట్లోవాళ్లు అడిగితే

కొందరు తల్లిదండ్రులు వస్తారు. "క్లాసు పుస్తకాలు వదిలేసి నవలలేంటి మేడమ్" అని ఎక్కువమంది, "ఇందులో ప్రేమ గురించి ఉందట" అని ఎప్పుడో ఒకరు. మొదటివాళ్లకి పిల్ల చదువుతుండగా పక్కన కూర్చోబెట్టి వినిపిస్తాను, జూన్‌లో ఎలా చదివిందో ఇప్పుడెలా చదువుతోందో వాళ్లకే తెలుస్తుంది. రెండోవాళ్లతో వాదించను. ఆ పేజీ తీసి ఇద్దరం కలిసి చదువుతాం. మీరు ముందే చదివి ఉంటే ఇక్కడ టెన్షన్ ఉండదు. చావు, పేదరికం, కుల అవమానం ఉన్నాయని నవల పక్కన పెట్టకండి, ఇవన్నీ మన పిల్లల్లో చాలామంది ఇంట్లో చూసేవే. కానీ ఏ పిల్లకి, ఎప్పుడు అన్నది చూసుకోవాలి. నాన్న కొత్తగా పోయిన పిల్లాడికి తండ్రి చనిపోయే నవల తెలియక ఇచ్చి, మర్నాడు ఆ పిల్లాడి ముఖం చూశాను. నోటులో చావు సంగతి రాసుకునే అలవాటు ఆ రోజు నుంచే.

ఎవరికీ కుదరని పుస్తకాలు

ప్రతి ఏడాదీ నాలుగైదు మిగులుతాయి. మూడు వేర్వేరు క్లాసుల్లో నిమిషం మాట చెప్పి చూస్తాను. అట్ట బాగాలేక ఎవరూ ముట్టనివి కొన్ని ఉంటాయి, వాటికి పిల్లలతోనే కొత్త అట్ట గీయిస్తే రెండు బయటికి వెళ్తాయి. అప్పటికీ కదలకపోతే పక్క ఊరి హైస్కూల్లో లైబ్రరీ చూసే టీచరుకి ఇచ్చి, ఆమె దగ్గర మిగిలినవి నేను తెచ్చుకుంటాను. రెండు రిజిస్టర్లలోనూ 'తాత్కాలికంగా' అని రాసుకుంటాం. కిందటేడు నేను పంపిన ఒక నవల అక్కడ ఆరుగురు చదివారట. ఆమె పంపిన మూడింట్లో రెండు మా తాడు మీద ఇంకా వేలాడుతున్నాయి.